వెనక యాక్సిల్ జోలికి పోవద్దు

పిడుగురాళ్ల,
సోమవారం.

కొండలు బావకి,

నేను, కోటేశ్వరిని. ఎట్లా ఉన్నావు? అన్నం సయిస్తోందా? లోపల ఫోన్లు ఇవ్వరని, ఉత్తరాలు మాత్రం అందిస్తారని మందు మాన్పించే సెంటర్ వాళ్లు చెప్పినప్పుడు కొంచెం భయం వేసింది. కానీ కాగితం ముందు కూర్చున్నాక ఇదే నయమనిపిస్తోంది. ఫోన్లో అయితే నువ్వు ‘ఊ’ అంటావు, నేను ‘సరే’ అంటాను, అక్కడితో అయిపోతుంది. మేనత్త కొడుకువి, ఆపైన మొగుడివి, చిన్నప్పటి నుంచీ కళ్లెదుట తిరిగినవాడివి. నీకు ఉత్తరం రాయాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

నిన్ను గుంటూరులో చేర్చిన రోజు నువ్వు నా వంక చూడలేదు. మనతో వచ్చిన స్పేర్ పార్టుల కొట్టు షౌకత్ అన్నతో మాట్లాడావు, గేటు దగ్గర వాచ్‌మన్‌తో మాట్లాడావు, నాతో మాట్లాడలేదు. కోపమేమో. ఉంటే ఉండనీ. అంతకు ముందు నెలల్లో నీకు కోపం రావడం కూడా మానేసింది బావా. ఎవరేమన్నా గోడ వంక చూస్తూ కూర్చునేవాడివి. నా మీద కోపం తెచ్చుకునేంత ఓపిక నీలో మిగిలి ఉందని బస్సులో వచ్చేటప్పుడు సంతోషించాను. తర్వాత ఏడ్చాను. షౌకత్ అన్న కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు, పాపం.

ఇక్కడ అందరం బాగున్నాం. మన సింధుకి సెలవులిచ్చారు. ఏడో తరగతి పుస్తకాలు అప్పుడే ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకుంది. అత్తకి మోకాళ్ల నొప్పులు ఎప్పటి మాదిరే. పొద్దున్నే లేచి నీ పేరు చెప్పి దండం పెట్టుకుంటుంది, వెంటనే నీ పేరు చెప్పి తిడుతుంది. ఎండలు మండిపోతున్నాయి. సున్నపు బట్టీల దుమ్ము జీపు మీద తెల్లగా పేరుకుంది.

జీపు సంగతి అడుగుదామనే ఈ ఉత్తరం. అడుగున ఉండే ఆయిళ్లన్నీ మార్చాలి. ఇంజిన్ ఆయిల్ కాదు, గేర్‌బాక్సు, దాని పక్కన ఫోర్ వీల్ బాక్సు, ముందు యాక్సిల్, వెనక యాక్సిల్. మార్చి ఎన్నాళ్లయిందో నాకు గుర్తు లేదు. మొన్న హైవే పక్కన షెడ్డుకి తీసుకెళ్లాను. పనిచేసే పిల్లల్లో ఒకడు బండిని చూసి, “ఇది కాలవలో పెట్టిన బండేగా” అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు. నేను దిగకుండానే రివర్స్ చేసుకుని వచ్చేశాను. ఆ మాట ఇంకొకళ్ల నోట వినే ఓపిక నాకు లేదు. అందుకని ఇంట్లోనే చేద్దామనుకుంటున్నాను. మా నాన్న ట్రాక్టరుకి ఆయిల్ మార్చేటప్పుడు పానాలు అందించినదాన్నే కదా. ఎట్లా చెయ్యాలో, ఏది ముందో, ఏది తర్వాతో నువ్వు రాసి పంపు. నడవని బండి పాడైపోతుంది కదా, అందుకని అడుగుతున్నాను.

ఆరోగ్యం జాగ్రత్త. వాళ్లిచ్చే మాత్రలు నోట్లో పెట్టుకుని ఉమ్మెయ్యకు.

నీ మేనమామ కూతురు,
కోటేశ్వరి


గుంటూరు,
శుక్రవారం.

కోటికి,

నీ ఉత్తరం అందింది. నా అక్షరాలు చూసి భయపడకు. చెయ్యి ఇంకా కొంచెం వణుకుతోంది. మొదట్లో టీ గ్లాసు కూడా పట్టుకోలేకపోయాను, ఇప్పుడు పెన్ను పట్టుకున్నాను. పక్క మంచం ఆయన మాచర్లలో హెడ్మాస్టరు. నేను రాస్తుంటే తప్పులు చూపిస్తున్నాడు. వద్దన్నా వినడు.

నీ మీద కోపం కాదే. నీ మొహం చూస్తే అక్కడే గేటు పట్టుకుని ఏడుస్తానని చూడలేదు. వాచ్‌మన్ మొహం చూస్తే ఏడుపు రాదుగా.

ఆయిళ్ల పని నువ్వు చెయ్యగలవు. క్వారీ రోడ్డులో నీకు జీపు నేర్పినప్పుడు ఒక్క రోజులో క్లచ్చు పట్టుకున్నదానివి. కానీ నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యి. బండి చదునుగా ఉండాలి. మన వాకిట్లో సిమెంటు గచ్చు మీద పెట్టు. షౌకత్‌ని అడిగితే ఇనుప స్టాండ్లు ఇస్తాడు. నాలుగు పక్కలా సమానంగా ఎత్తి స్టాండ్ల మీద నిలబెట్టు. నాపరాళ్లు పేర్చి వాటి మీద పెడదామనుకుంటావేమో, వద్దు. రాయి ఎప్పుడు పగులుతుందో దానికే తెలియదు. ఒట్టి జాకీ మీద ఉన్న బండి కింద తల పెట్టావంటే నా మీద ఒట్టు. ఎత్తాక పక్క నుంచి గట్టిగా ఊపి చూడు. కదలకపోతేనే కిందికి దూరు.

పైకి ఎత్తకముందు కాసేపు హైవే మీద తిప్పుకుని రా. ఆయిల్ వేడెక్కితే పల్చబడి మురికంతా తీసుకుని బయటికి వస్తుంది. మరీ వేడిగా ఉన్నప్పుడు విప్పకు, చెయ్యి కాలుతుంది. ప్రతి బాక్సుకీ, ప్రతి యాక్సిల్‌కీ రెండు బోల్టులు ఉంటాయి. పైది పోసేది, కిందది వదిలేది. అందరూ కిందది ముందు విప్పుతారు. నువ్వు పైది ముందు విప్పు. పైది బిగుసుకుని రాలేదనుకో, కిందది అప్పటికే విప్పి ఉంటే, ఆయిల్ లేని బండి వాకిట్లో కూర్చుంటుంది. కింది బోల్టు కొసన అయస్కాంతం ఉంటుంది. దానికి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంటే మామూలే, తుడిచెయ్. గోరంత ముక్కలు కనిపిస్తే నాకు రాయి. రాగి వాషర్లు కొత్తవి వెయ్యి. షౌకత్ చేతి పంపు ఇస్తాడు, దాంతో కొత్త ఆయిల్ కొట్టు. పై బోల్టు బెజ్జం అంచు దాటి కారేదాకా కొట్టి, కారడం ఆగాక మూసెయ్యి. ఫోర్ వీల్ బాక్సు అల్యూమినియంది. ఇనుము మాదిరి బిగించావంటే మరలు పోతాయి. నా మీద కోపం దాని మీద చూపించకు.

వెనక యాక్సిల్ జోలికి మాత్రం పోవద్దు. దాని బోల్టు అంచులు అరిగిపోయాయి, పానా పట్టదు. నేను వచ్చాక చూస్తాను. మిగతా మూడూ చెయ్యి చాలు.

అమ్మని బండి కిందికి రానివ్వకు. ఆమె మాట వినదు, నీ మాట వింటుందేమో.

నువ్వు జీపు సిద్ధం చేస్తున్నావని చదివినప్పటి నుంచి మనసు తేలికగా ఉంది. ఇక్కడ రోజూ అడుగుతారు, బయటికి వెళ్లాక ఏం చేస్తావని. ఇంతకు ముందు ఏమీ చెప్పేవాడిని కాదు. నిన్న మాత్రం, మా ఆవిడ బండికి ఆయిళ్లు మారుస్తోంది, వెళ్లి నడుపుకుంటానని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఇక్కడ దేనికైనా కొడతారులే.

సింధుకి ముద్దులు.

నీ బావ,
కొండలు


పిడుగురాళ్ల,
ఆదివారం.

బావా,

నీ ఉత్తరం చదివి నేను దాన్ని బియ్యం డబ్బా వెనక పెట్టేసి, సాయంత్రం దాకా మళ్లీ తియ్యలేదు. ఎందుకో కిందికి వచ్చేసరికి చెబుతాను. ముందు పని సంగతి రాస్తాను.

తెల్లవారాక ఎండ ముదరకముందే మొదలుపెట్టాం. స్టాండ్లు, పంపు, ఆయిల్ డబ్బాలు షౌకత్ అన్న ఆటోలో పంపించాడు. నువ్వన్నట్టు తిప్పుకుని వచ్చి, ఎత్తి, ఊపి చూశాను. కదల్లేదు. అత్తని పక్కన కూర్చోబెట్టి టార్చి ఇచ్చాను. వాకిట్లో నుంచి వంగి లైటు వేస్తానంటే సరేనన్నాను గానీ, నేను ముందు యాక్సిల్ బోల్టు విప్పేసరికి తానూ పక్కకి దూరి పడుకుంది. ఆయిల్ వాసనకి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, “ఏందే ఈ కంపు, మురిగిన కోడిగుడ్ల మాదిరి. ఇట్టాంటిది పోసుకుని తిరుగుద్దా బండి?” అంది. నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూ ఉంటే ఆయిల్ మోచేతి మీదుగా జాకెట్లోకి కారిపోయింది. ఎన్నిసార్లు తలంటుకున్నా ఆ వాసన ఇంకా జుట్టులో ఉంది.

ముందుది నల్లగా, ఆముదం లాగా చిక్కగా వచ్చింది. అయస్కాంతానికి బూడిద ముద్దే, ముక్కల్లేవు. ఫోర్ వీల్ బాక్సు బోల్టుని పసిపిల్ల చెవికి కమ్మ పెట్టినట్టు బిగించాను, సరేనా? గేర్‌బాక్సు కూడా అయిపోయింది. పాత ఆయిల్ డబ్బాల్లో పట్టి మూతలు పెట్టి షౌకత్ అన్నకే పంపించాను, పాత ఆయిల్ కొనేవాళ్లు వస్తారట.

తర్వాత వెనక యాక్సిల్ దగ్గరికి వెళ్లాను. నువ్వు వద్దన్నావు. నాకు మాత్రం నాలుగూ మార్చక తప్పదు. బోల్టుకి పట్టిన మట్టి గీకి తుడిచి చూశాను బావా. అంచులు అరగలేదు. కొత్త బోల్టు లాగే ఉన్నాయి. బిగుసుకుని ఉందంతే. పానాకి నీళ్ల పైపు తొడిగి నేను లాగాను, రాలేదు. అత్త వచ్చి పైపు కొస మీద తన బరువంతా వేసింది. కిర్రుమని వచ్చింది. పైది వచ్చాక కిందది విప్పాను. ముందు కాసిని నీళ్లు కారాయి. తర్వాత వచ్చింది ఆయిల్ కాదు. బర్రెపాలు పోసి కాచిన టీ రంగులో, నురగనురగగా ఏదో వచ్చింది. అయస్కాంతం మీద ముద్దలో మెరిసే రవ్వలు ఉన్నాయి. షౌకత్ అన్నకి ఫోన్ చేస్తే, యాక్సిల్ మునిగేదాకా బండి నీళ్లలో నిలబడితే తప్ప అట్లా కాదన్నాడు. మామూలు ఆయిల్ పోసి కాస్త తిప్పి మళ్లీ వదలమన్నాడు, తెల్లదనం పోయేదాకా. అట్లాగే చేశాను.

ఆ తెల్ల ఆయిల్ బేసిన్ ముందు పెట్టుకుని కూర్చుని ఉంటే అత్త ఆ మాట అడిగింది. “ఎప్పుడమ్ముతున్నావే బండి?” అని. నేను పానా తుడవడం మొదలుపెట్టాను. “నాకు తెలవదనుకున్నావా? ఆ గురజాల ఆయన వచ్చి టైర్లు తన్ని చూసి పోయాడు. కొనేవోడు గాకపోతే ఎవుడు తన్నుతాడు టైర్లని?”

అవును బావా. నీకు రాయలేదు గానీ, నేను ఆయిళ్లు మార్చింది నీ కోసం కాదు. గురజాల ఆయన బండి అడిగాడు. అడుగు ఆయిళ్లన్నీ మార్చి ఇస్తే తీసుకుంటానన్నాడు. బండి అమ్మేసి, నువ్వు బాగుపడి బయటికి వచ్చాక, నీ చేతికి ఇల్లు అప్పజెప్పి, సింధుని తీసుకుని రాజుపాలెం మా అన్న దగ్గరికి వెళ్లిపోదామనుకున్నాను. నిన్ను చేర్చకముందే అనుకున్నాను. నువ్వు అక్కడ అందరికీ చెప్పి చప్పట్లు కొట్టించుకున్నావని చదివాక ఉత్తరం దాచిపెట్టింది అందుకే. నువ్వంటే ఇష్టం పోయి కాదు. ముందటేడు వానల్లో నువ్వు ఒక రాత్రంతా రాక, తెల్లారి బురద కొట్టుకుని వచ్చి, బండి కాలవలో పడిందన్నప్పుడు, తాగావా అని అడిగితే అవునన్నావు. అంతకు ముందు పండక్కి తప్ప ముట్టనివాడివి. ఆ రోజు నుంచి రోజూ చూస్తూనే ఉన్నాను. తాగి, బండిని నీళ్లలో పెట్టి, ఇంటికి వచ్చి తొణక్కుండా అవునన్న మనిషి పక్కన ఎట్లా బతకాలో నాకు తెలియలేదు.

అత్తకి ఇదంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. కొంగుతో నా మోచేతి మీద ఆయిల్ తుడుస్తూ, “వాడొచ్చినా సరే, నువ్వు పోతే నీ వెనకాలే నేనూ వస్తా. రాజుపాలెం నీకేగా పుట్టిల్లు, నాకు కాదా ఏంది?” అంది. నిజమే కదా, మా నాన్నకి తోడబుట్టింది. ఇద్దరం ఆ గచ్చు మీదే కూర్చుని చానాసేపు ఏడ్చాం.

ఇప్పుడు నేను ఒకటి అడుగుతాను, దాచకుండా చెప్పు. కాలవ మోకాలి లోతు ఉంటుంది. యాక్సిల్ మునిగేదాకా ఈ బండి ఏ నీళ్లలో నిలబడింది? అరగని బోల్టు అరిగిందని నాకెందుకు రాశావు?

కోటేశ్వరి


గుంటూరు,
గురువారం.

కోటేశ్వరికి,

బండి అమ్మెయ్యి. నీకు మనసు ఎటుంటే అటు వెళ్లు. అమ్మని తీసుకెళ్తానంటే అది ఇంకా మంచిది. నేను అడ్డం పడను. గురజాల ఆయనకి మాత్రం వెనక యాక్సిల్లోకి నీళ్లు పోయాయని, బేరింగులు మార్చాల్సి వస్తుందని చెప్పి అమ్ము. చెప్పకుండా అమ్మితే మధ్యదారిలో నిలిచిపోతాడు.

నువ్వు అడిగినదానికి జవాబు రాస్తాను. హెడ్మాస్టరు గారిని అటు వెళ్లమన్నాను, వెళ్లాడు.

ఆ రోజు నేను తాగలేదు. క్వారీలో డ్రిల్లింగు వాళ్లని దింపి ఒక్కడినే వస్తున్నాను. మధ్యాహ్నం నుంచి ఒకటే వాన. నాగులేరు అవతల క్వారీ పనివాళ్ల పాకలు ఉన్నాయి చూడు, అక్కడ జనం బండికి అడ్డం వచ్చారు. ఒక పిల్లకి నొప్పులు వస్తున్నాయి, అంబులెన్సు వాగు ఇవతలే ఆగిపోయింది, దాటే బండి నీదొక్కటే అన్నారు. ఆ పిల్లనీ, వాళ్ల అత్తనీ వెనక పడుకోబెట్టుకుని, ఫోర్ వీల్ వేసి వాగులో దిగాను. నడిమధ్యకి వచ్చాక ఇంజిన్ ఆగిపోయింది. నీళ్లు సీటు దాకా వచ్చాయి. ఇవతలి గట్టు మీద వాళ్లు మోకు విసిరారు. ముసలామె నడుముకి మోకు కట్టి, ఆ పిల్లని నా భుజాల మీద ఎక్కించుకుని నడిచాను. ఆ పిల్ల నా జుట్టు పట్టుకుని, “అన్నా, నేను చచ్చిపోతానా?” అని అడిగింది. నీకేం కాదమ్మా అన్నాను. అంబులెన్సులో ఎక్కించాక నేను మళ్లీ నీళ్లలోకి దిగాను, బండి కొట్టుకుపోతుందేమోనని. చాలా కిందికి కొట్టుకుపోయి ఒడ్డున పడ్డాను. తెల్లవారుజామున వాగు తగ్గాక, గట్టు మీద జనం లేనప్పుడు ఎవరిదో ట్రాక్టరుతో బండిని లాగించాను.

తెల్లారి దాచేపల్లి దగ్గర టీ తాగుతుంటే అక్కడెవరో చెప్పుకుంటున్నారు. కానుపుకి తీసుకొచ్చిన క్వారీ పిల్ల ఆసుపత్రిలో పోయిందంట అని. గ్లాసు అక్కడే పెట్టేశాను. ఆసుపత్రికి వెళ్లి అడగలేకపోయాను. పాకల వైపు కిరాయి వస్తే వెళ్లలేదు. నేను దిగకుండా ఉంటే వేరే ఎవరన్నా పడవో, ట్రాక్టరో తెచ్చేవాళ్లేమో. నీకేం కాదని చెప్పిన నోరు ఇది. ఇంటికి వచ్చాక నువ్వు తాగావా అని అడిగావు. అవునంటే అక్కడితో మాట అయిపోతుంది, కాదంటే ఇదంతా చెప్పాలి. అవునన్నాను. ఆ సాయంత్రమే వెళ్లి దాన్ని నిజం చేశాను. ఇంజిన్ బాగు చేయించాను గానీ వెనక బోల్టు విప్పలేకపోయాను. అందులో ఆ వాగు నీళ్లు ఉన్నాయని నాకు తెలుసు.

ఇది రాసింది నీ మనసు మారుద్దామని కాదు. అడిగావు, రాశాను.

నీ బావ,
కొండలు


పిడుగురాళ్ల,
బుధవారం.

బావా,

మిగతాదంతా తర్వాత చదువుదువు గానీ, ముందు ఇది చదువు. ఆ పిల్ల బతికే ఉంది. పేరు తిరుపతమ్మ. నిన్న నేను ఆమె చేతి కాఫీ తాగి వచ్చాను.

నీ ఉత్తరం వచ్చాక అత్తకి చదివి వినిపించాను. చివరిదాకా విని లేచి, చెప్పులు వేసుకుని, వెళ్లి జీపులో కూర్చుంది. ఎక్కడికి అత్తా అంటే, “ఆ పిల్ల కాడికి. చచ్చిపోతే దాని అత్త ఉంటదిగా. నా కొడుకు ఎట్టా మోశాడో ఆమె నోటితో వినాల” అంది. సింధుని పక్కింట్లో ఉంచి బయల్దేరాం. వెనక యాక్సిల్ మూలుగుతోంది బావా, వేగం పెరిగితే ఏనుగు మూలిగినట్టు వినిపిస్తోంది. మెల్లగానే నడిపాను. వాగు ఎండిపోయి ఉంది. మధ్యలో ఒకచోట గుంటలో నీళ్లు ఉన్నాయి, అక్కడ బర్రెలు పడుకుని ఉన్నాయి. అదే చోటా అని అత్త అడిగింది. నాకేం తెలుసు. అయినా అక్కడ బండి ఆపి కాసేపు చూశాం.

పాకల దగ్గర మొదటి ఇంట్లోనే అడిగాను, ముందటేడు వరదలో కానుపుకి తీసుకెళ్లిన పిల్ల వాళ్లిల్లు ఎక్కడా అని. ఆ ఇంటామె వెనక్కి తిరిగి, “తిరుపతమ్మా, నీ కోసమే” అని కేకేసింది. నెత్తిన తడిబట్టల బకెట్టుతో ఒక బక్కపలచని పిల్ల వచ్చింది. మమ్మల్ని చూడలేదు, జీపుని చూసింది. బకెట్టు దించి దాని బానెట్ మీద చెయ్యి వేసింది.

“ఆ అన్న మనుషులా మీరు?” అని అడిగింది. అవునమ్మా అన్నాను. “ఆయన శవం దొరికిందా అక్కా?” అంది.

అర్థమైందా బావా? మళ్లీ నీళ్లలోకి దిగి కిందికి కొట్టుకుపోవడం గట్టు మీద వాళ్లందరూ చూశారు. నువ్వు ఎక్కడ తేలావో ఎవరూ చూడలేదు. నీ పేరు తెలియదు, ఊరు తెలియదు. ఎన్నాళ్లయినా నువ్వు అటు రాకపోయేసరికి నువ్వే పోయావనుకున్నారు. బతికే ఉన్నాడమ్మా అని అత్త చెబితే ఆ పిల్ల ఇంట్లోకి కేకేసింది. వాళ్ల అత్త లోపలి నుంచి పరుగెత్తుకొచ్చి మా అత్తని కావలించుకుంది. శివరాత్రికి కోటప్పకొండ వెళ్లినప్పుడల్లా నీ పేరు తెలియక, జీపు నాయన అని చెప్పుకుని దీపం పెట్టి వచ్చేదట. మా అత్త అది విని, “బతికున్నోడికి దీపాలేంది వదినా” అని ఏడుస్తూనే కసిరింది.

కడుపులో బిడ్డ మాత్రం దక్కలేదు. అది నీ నుంచి దాచను. నీళ్ల వల్ల కాదట. రెండు రోజుల ముందే కదలిక ఆగిపోయిందని, ఆలస్యమైతే తల్లి కూడా దక్కేది కాదని డాక్టరమ్మ చెప్పిందట. నువ్వు పడవ కోసం, ట్రాక్టరు కోసం చూస్తూ కూర్చుని ఉంటే ఈ పిల్ల ఉండేది కాదు. టీ కొట్టు దగ్గర నువ్వు విన్నది ఇంకెవరి గురించో. అదే వారంలో వేరే క్వారీ నుంచి కానుపుకి తెచ్చిన ఇంకో పిల్ల పోయిందట. పాపం ఆమెకి కూడా ఒక ఇల్లు ఉండి ఉంటుంది. వచ్చేటప్పుడు దారిపొడుగునా ఆమె గురించే అనుకున్నాను.

నీ మీద నాకు కోపం తగ్గలేదు, అది కూడా రాస్తాను. పక్కనే పడుకునేదాన్ని కదా బావా. ఆ రోజు రాత్రే చెప్పి ఉంటే మర్నాడే ఇద్దరం ఆసుపత్రికి వెళ్లి అడిగేవాళ్లం. నువ్వు మోసినదాంట్లో సగం నాకిస్తే నేను మోయలేనా? నువ్వు మంచిపని చేశావని ఈ రెండేళ్లూ మాఫీ చెయ్యను. సింధు స్కూలు ముందు నువ్వు పడిపోయిన రోజు ఉంది, నా మంగళసూత్రం కోసం ఇల్లంతా వెతికిన రోజు ఉంది. అవన్నీ ఉంటాయి. కానీ తాగి బండిని కాలవలో పెట్టి ఇంటికొచ్చిన మనిషిని వదిలి వెళ్లిపోదామనుకున్నాను నేను. ఆ మనిషి అసలు లేడు. లేని మనిషిని వదిలి రాజుపాలెం వెళ్లి ఏం చేస్తాను?

గురజాల ఆయనకి బండి ఇవ్వడం లేదని చెప్పేశాను. ముఖం మాడ్చుకుని వెళ్లాడు. తిరుపతమ్మ వాళ్ల మేస్త్రీ నన్ను చూసి, మీరు నడుపుతారా అని అడిగాడు. పొద్దున్నే ఆడవాళ్లని క్వారీకి దింపి సాయంత్రం తీసుకురావాలట, ఆడమనిషి నడిపితే వాళ్లకీ బాగుంటుందట. ఒప్పుకున్నాను. కనుక నువ్వు వచ్చాక స్టీరింగు నాది. డాక్టరు సరేననేదాకా కాదు, నేను సరేననేదాకా. నీకు పని లేదనుకోకు, ముందు వెనక యాక్సిల్ విప్పి బేరింగులు వేద్దువు గానీ. నేను టార్చి పట్టుకుంటాను.

ఆదివారం కలవనిస్తారు కదా, వస్తున్నాం. నేను, అత్త, సింధు, తిరుపతమ్మ. అత్త మాత్రం ఒక పంతం పట్టింది. “వాడికి ముందుగా ఏమీ రాయొద్దే. ఆ పిల్ల వాడి ఎదురుగా వెళ్లి నిలబడితే వాడి మొహం చూడాల నేను” అంది. సరేనన్నాను. అన్నాను గానీ నా వల్ల కాలేదు. ఇన్నాళ్లు దాన్ని మోసుకు తిరిగినవాడివి, ఆదివారం దాకా ఇంకా మోస్తూ ఉంటావని తెలిసి, నేను ఇక్కడ తిని పడుకోలేను. అత్త నిద్రలేవకముందే పోస్టాఫీసు దగ్గరికి వెళ్లి ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. ఆదివారం ఆమె ముందు మాత్రం ఏమీ తెలియనట్టు ఉండు.

నీ
కోటి